తిప్పమన్న నోరు, తిట్లు తిన్న చెయ్యి

కంప్యూటర్లు బాగుచేసే పనిలో నా జుట్టు తెల్లబడింది. నేను చూసిన తెరలు అంతకంటే ఎక్కువసార్లు తెల్లబడ్డాయి గానీ, వాటిని ఏదో ఒకటి చేసి మళ్ళీ మామూలు చేశాను. నా జుట్టు మీద మాత్రం ఏ రీస్టార్టూ పనిచేయలేదు.

ఇప్పుడు రిటైరై మెదక్‌లోనే ఉన్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు బజారులో కనిపిస్తే "సార్, ఏం నేర్చుకోవాలె?" అని అడుగుతారు. ఏ కోర్సు చేయాలో నాకు తెలియదు. నా కాలంలో కోర్సంటే పాత మిషన్ విప్పి, తిరిగి బిగించాక మిగిలిన స్క్రూలు జేబులో వేసుకుని బయటపడటమే. కానీ ఒకటి మాత్రం తెలుసు. కంప్యూటర్ చెడిపోయిన గదిలోకి మనం అడుగుపెట్టేసరికి, తప్పు ఎవరి మీద వేయాలో అక్కడివాళ్ళు తేల్చేసుకుని ఉంటారు. ఆ తీర్పు మీద ముద్ర కొట్టడానికి మనల్ని పిలుస్తారు. ఇది రాస్తుంటేనే నాకు కోపం వస్తోంది. రానీ. ఆపుకోమని చెప్పడానికి ఇప్పుడు నాకు ఓనర్ లేడు.

యూజర్ మిస్టేక్

మా సర్వీసువాళ్ళ నోట్లో ఎప్పుడూ నానే మాట ఇది. అంటే మిషన్ ముందు కూర్చున్నవాడిదే తప్పు అని. అసలు అలాంటి తప్పులు ఉండవా అంటే ఉంటాయి. టేక్మాల్‌లో ఒకాయన కీబోర్డుకు దుమ్ము పట్టిందని బోరింగు దగ్గరికి తీసుకుపోయి చెంబుతో కడిగి, ఎండలో ఆరేసి, తర్వాత నాకు ఫోన్ చేశాడు. అది యూజర్ మిస్టేకే, ఒప్పుకుంటాను. శుభ్రంగా చేసిన మిస్టేక్.

కానీ నా అనుభవంలో ఆ మాట వాడిన చాలా చోట్ల సంగతి వేరు. ఎందుకు చెడిందో చూసే ఓపిక మనకు ఉండదు. మిషన్ ముందు కూర్చున్న మనిషికి ఎదురుమాట్లాడే హోదా ఉండదు. ఈ రెండూ కలిసిన చోట యూజర్ మిస్టేక్ పుడుతుంది. ఆఫీసరు గదిలో మిషన్ ఆగిపోతే దాన్ని 'టెక్నికల్ ప్రాబ్లం' అంటారు. అదే మిషన్ ఆపరేటర్ బల్ల మీద ఆగిపోతే 'ఏం నొక్కినవమ్మా?' అంటారు. ఇంత చిన్న తేడా కనిపెట్టడానికి నాకు సగం సర్వీసు పట్టింది. నేను కూడా కొంచెం స్లో మిషన్నే.

సర్వర్ రోగ నివారిణి

నేను పనిచేసింది మెదక్‌లోని ఒక సర్వీసు దుకాణంలో. ఆఫీసులవాళ్ళు మాతో ఏడాదికోసారి కాంట్రాక్టు రాసుకునేవాళ్ళు, ఏది చెడినా మేం పోయి చూడాలి. ఓనర్ సత్తయ్య సేట్. మనసు మంచిది, సహనం తక్కువ. నేను ఒక చోట ఎక్కువసేపు కూర్చుంటే ఫోన్ చేసేవాడు.

"రాజలింగం, డాక్టర్ లెక్క ఆలోచన జెయ్యకు. ఆటో డ్రైవర్ లెక్క పో. పోయినవ్, దింపినవ్, వచ్చినవ్."

దింపడం అంటే ఫార్మాట్ కొట్టడం. మిషన్‌లో ఉన్నదంతా తుడిచేసి అన్నీ కొత్తగా ఎక్కించడం. మా లైనులో ప్రతి జబ్బుకూ ఇదే మందు. సర్వరోగ నివారిణి అని మందుల డబ్బాల మీద రాస్తారు చూడండి, ఇది సర్వర్ రోగ నివారిణి. నన్నడిగితే ఫార్మాట్ అంటే జ్వరం వచ్చిన మనిషికి తలకాయ మార్చడం. జ్వరం తప్పకుండా పోతుంది. పాపం, ఆ తర్వాత తానెవరో ఆ మనిషికే తెలియదు.

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఫార్మాట్ కొట్టాక అసలు ఎందుకు చెడిందో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కొందరికి అదే కావాలి.

డిపోలో తీర్పు

హవేలిఘనపూర్ పోయే దారిలో ఒక విత్తనాల కంపెనీ డిపో ఉండేది. హెడాఫీసు హైదరాబాద్‌లో. చుట్టుపక్కల మండలాల డీలర్లు తమకు ఏ విత్తనం ఎన్ని బస్తాలు కావాలో మెయిల్ పంపితే, డిపోలో చూసి లారీ ఎక్కిస్తారు. ఆ మెయిల్ తెరిచే ప్రోగ్రామ్ పడిపోతోందని కాల్ వచ్చింది. తెరవగానే కింద 'సర్వర్‌తో కలుస్తోంది' అని చూపిస్తుంది, తెర తెల్లబడుతుంది, ప్రోగ్రామ్ మాయమవుతుంది. ఎన్నిసార్లు తెరిచినా అంతే.

నేను వెళ్ళేసరికి ఆపరేటర్ ఎస్తేరు ఒక చేత్తో మౌసు, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఉంది. మెదక్ చర్చి వెనక గల్లీ అమ్మాయి. ఒక ఏజెన్సీ ద్వారా ఆ డిపోలో కొన్నేళ్ళుగా పనిచేస్తోంది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఫోన్‌లో శివ్వంపేట డీలర్ అరుపు నాకు గుమ్మం దాకా వినిపించింది.

"అమ్మా, నారు పోసే టైముల విత్తనం పంపకుంటే నేనేం మొహం పెట్టుకొని దుకాణంల కూసోవాలె? మెయిల్ జేసినా చూస్తలేరు!"

"అన్నా, నా సెల్లుల సూసి చేతితోని రాసుకుంటున్న. జర ఆగు అన్నా, నీ పేరు పైననే ఉన్నది."

మేనేజర్ మాధవరావు గారు తన గదిలోంచి బయటికి వచ్చాడు.

"రాండ్రి రాజలింగం. సూసేదేం లేదు, ఫార్మాట్ కొట్టుండ్రి. కారణం గూడ నేనే చెప్తా. గీ పిల్ల పెన్‌డ్రైవ్ పెట్టింది, చర్చి పాటలు ప్రింటు దీసుకున్నది, వైరస్ వచ్చింది. హెడాఫీసోళ్ళు గూడ ఫోన్లనే అన్నరు, యూజర్ మిస్టేక్ అని. మీరు మీ రిపోర్టుల గదే రాయుండ్రి. ఏజెన్సోళ్ళు సోమవారం కొత్త మనిషిని పంపుతమన్నరు."

చాయ్ చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఎస్తేరు ఫోన్ పెట్టేసి అంది:

"ఒక్కపారే పెట్టిన సార్. గది గూడ మిమ్ములనడిగే పెట్టిన. గప్పుడు తీసుకో పో అన్నరు గద."

"నేను పాటలు తీసుకొమ్మన్న. వైరస్ తీసుకరమ్మన్ననా?"

ఆ జోకుకు ఆయనే నవ్వి లోపలికి పోయాడు. చూశారా, రోగం చెప్పారు, మందు చెప్పారు, శిక్ష కూడా చెప్పారు. ఇక నేను చేయాల్సింది సంతకం. ఇలాంటి చోట మీకు గనక ఒళ్ళు మండకపోతే, దయచేసి ఈ పనిలోకి రాకండి. వేరే పనులు చాలా ఉన్నాయి.

ఏది కాదో ముందు తేల్చాలి

ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాను. ఇది నా పద్ధతి. మిషన్ నేను ముట్టుకునే ముందు, రోజూ దాన్ని వాడేవాళ్ళు ఎలా వాడతారో చూస్తాను.

"నువ్వు రోజూ జేసినట్టే జెయ్యమ్మా. నేను లేననుకో."

"మీరు గింత మనిషి పక్కన కూసొని లేరనుకొమ్మంటే ఎట్ల సార్?" అంది నా పొట్ట వంక చూసి. ఏడుపు మొహంలో కూడా ఆ మాట అనగలిగిందంటే, ఈ అమ్మాయి గట్టిదే అనుకున్నాను.

ముందు నెట్ వైరు పీకేసి ప్రోగ్రామ్ తెరవమన్నాను. తెరుచుకుంది. పాత మెయిళ్ళన్నీ చక్కగా ఉన్నాయి. అంటే ప్రోగ్రామ్ చెడలేదు, లోపల దాచినవీ చెడలేదు. వైరు పెట్టాం, పడిపోయింది. ఆమె ఫోన్‌లో అదే మెయిల్ ఖాతా పనిచేస్తోంది, కాబట్టి మెయిళ్ళు పంచే హెడాఫీసు సర్వర్ బాగానే ఉంది. గోదాములో బస్తాల నిల్వ చూసే కంప్యూటర్‌లో అదే ఖాతా పెట్టి చూస్తే అక్కడా పనిచేసింది, కాబట్టి డిపో నెట్ బాగానే ఉంది. వైరస్ ఏమన్నా ఉందా అని మొత్తం వెతికించాను. ఏమీ లేదు. చర్చి పాటలు మాత్రం ఉన్నాయి.

ఇటు మిషన్ బాగానే ఉంది, అటు సర్వర్ బాగానే ఉంది, ఇద్దరూ కలిస్తేనే పడటం లేదు. సంబంధాలు చూసేవాళ్ళకు ఇది కొత్త కాదు గానీ, నాకు బుర్ర వేడెక్కింది. ఆఖరికి నా ఫోన్ నెట్‌తో కలిపి చూద్దామని ఫోన్ తీసి కీబోర్డు పక్కన పెట్టాను. అలా కలిపినా ప్రోగ్రామ్ పడిపోయింది. ఇక ఏం చేయాలో తోచక ఫోన్ వంక, తెర వంక మార్చి మార్చి చూశాను.

ఫోన్‌లో ఆ రోజు మూడో తారీఖు. తెర మూలన ముప్పయ్యో తారీఖు. అదీ పోయిన నెల ముప్పై.

"ఎస్తేరమ్మా, మీ కంప్యూటర్ల ఇయ్యాల ముప్పై ఎందుకున్నది?"

ఆమె మేనేజర్ గది తలుపు వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"ప్రతి నెల గంతే సార్. నెల అయిపోయినంక గూడ మూడు నాలుగు దినాలు తారీఖు ఎనకకు పెట్టుమంటడు. ఇప్పుడు పోయే లారీలన్ని నేను ఎక్కించే లెక్కల పోయిన నెలల పోయినట్టు పడాలె. టార్గెట్ నిండాలె గద."

"తారీఖు తనంతట తానే సరిగయ్యేది ఉంటది గద, గది ఏమైంది?"

"గది బంద్ వెట్టుమన్నడు."

ఇక్కడ కొత్తవాళ్ళ కోసం ఒక ముక్క. మెయిల్ ప్రోగ్రామ్ సర్వర్ దగ్గరికి పోగానే 'నువ్వు అసలువాడివేనా?' అని అడుగుతుంది. సర్వర్ తన గుర్తింపు కార్డు చూపిస్తుంది. మన భాషలో దాన్ని సర్టిఫికెట్ అంటాం. ఆ కార్డు మీద ఫలానా తారీఖు నుంచి చెల్లుతుంది అని ఉంటుంది. కొన్ని నెలలకోసారి కొత్త కార్డు ఇస్తారు. ఆ సారి కొత్త కార్డు సరిగ్గా ఒకటో తారీఖున ఇచ్చారు. మన మిషన్ లెక్కలో ఇంకా ముప్పయ్యే నడుస్తోంది. అంటే ఎదుటివాడు చూపిస్తున్న కార్డు ఇంకా పుట్టనే లేదు. మర్యాద తెలిసిన ప్రోగ్రామ్ అయితే 'అయ్యా, తేదీ ఒకసారి చూసుకోండి' అని ఆగుతుంది. ఆ పాత ప్రోగ్రామ్ నోట మాట రాక స్పృహ తప్పి పడిపోయేది. దాన్ని తయారుచేసినవాళ్ళ మీద కూడా నాకు కోపమే. ఎందుకు పడిపోతున్నదో ఒక్క లైను చెప్పి ఉంటే, ఒక అమ్మాయి రెండు రోజులు తిట్లు తినేది కాదు. ఇంతకుముందు నెలల్లో కొత్త కార్డు నెల మధ్యలో వచ్చి ఉంటుంది, అందుకే ఈ తిప్పుడు వ్యవహారం బయటపడలేదు.

తేదీ సరిచేశాను. ప్రోగ్రామ్ తెరిచాను. మెయిళ్ళు బిలబిలమంటూ దిగాయి. శివ్వంపేట డీలర్ పంపింది కూడా వచ్చింది.

ఎస్తేరు నవ్వలేదు.

"మల్ల ఎనకకు తిప్పాలె సార్. ఇంక ఎంట్రీలున్నయి."

నోరు లేని బ్యాటరీ

బయటికి వచ్చి సత్తయ్య సేట్‌కు ఫోన్ చేశాను. సంగతంతా విన్నాడు. కాసేపు ఆలోచించినట్టున్నాడు, ఆయన జీవితంలో అది అరుదు.

"రాజలింగం, బ్యాటరీ అని రాయి."

తెలియనివాళ్ళకు: కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడవడానికి కంప్యూటర్ లోపల బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే తేదీ తప్పుతుంది.

"బ్యాటరీ మంచిగనే ఉన్నది సేట్."

"ఉండనీ. బ్యాటరీ అంటే పిల్ల నౌకరి బతుకుతది, మేనేజర్ ఇజ్జత్ బతుకుతది, మన కాంట్రాక్టు బతుకుతది. బ్యాటరీకేమన్న పెండ్లాం పిల్లలున్నరా?"

ఆ మాట నాకు నచ్చింది. అందరూ బయటపడే దారి. లోపలికి పోయి మేనేజర్‌తో ముక్తసరిగా "తారీఖు తప్పింది, బ్యాటరీ కావచ్చు" అంటే ఆయన మొహం వెలిగిపోయింది. "గదే, గదే! నేను మొదటిసంది అనుకుంటనే ఉన్న" అన్నాడు. మొదటి నుంచి ఆయన అనుకున్నది పెన్‌డ్రైవ్. పోనీలే అనుకుని, పండగకు కొత్త బట్టలు తెచ్చినవాడిలా ఎస్తేరు దగ్గరికి పోయి శుభవార్త చెప్పాను.

ఆమె నా వంక చూసింది.

"బ్యాటరీ మంచిగున్నది గద సార్?"

"ఉన్నదమ్మా. కాని నీ నౌకరి..."

"వచ్చే నెల మల్ల తిప్పుమంటడు. ఎప్పుడో ఓనాడు మల్ల పడిపోతది. గప్పుడు కొత్త బ్యాటరీ గూడ ఖరాబైందంటరా? మల్ల నామీదనే వస్తది సార్. ఇయ్యాల కాకుంటే ఇంకోనాడు. సోమవారం పోయే నౌకరిని మీరు గప్పటిదాక కిరాయికిస్తున్నరు, గంతే."

నేను ఆమెకు ఉపకారం చేస్తున్నాననుకున్నాను. ఆమె చెప్పేదాకా అది అప్పటికి నోరు మూయించే ఏర్పాటని తట్టలేదు. పిల్లలూ, మన లైనులో ఇదే అసలు ఉచ్చు. ఎవరినీ నొప్పించని కారణం దొరికితే, అది నిజమా కాదా అని మనం అడగడం మానేస్తాం. కోపం ఎవరి మీద వచ్చిందంటారా? సేట్ మీద కొంత, మేనేజర్ మీద ఎక్కువ, మిగిలింది మొత్తం నా మీదే.

"మరేం జెయ్యాలె చెప్పు."

"ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి సార్. నన్నడిగితే నేను గూడ చెప్త."

స్పీకర్ ఫోన్

హెడాఫీసులో కంప్యూటర్ల సంగతి చూసే కుర్రవాడు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆ విభాగాన్ని హెల్ప్ డెస్క్ అంటారు. డెస్క్ ఎప్పుడూ ఉంటుంది, హెల్ప్ మన అదృష్టం. మూడోసారి మోగగానే మేనేజర్ తన బల్ల మీద స్పీకర్ పెట్టి నన్నూ, ఎస్తేరునూ పిలిచాడు. బ్యాటరీ మాట అందరూ వినాలని ఆయన ఆశ.

"ఫార్మాట్ అయిందా?" అన్నాడు అటువైపు కుర్రవాడు విసుగ్గా.

"అవసరం పడలేదు. మెయిల్ నడుస్తోంది. కంప్యూటర్ తేదీ పోయిన నెలలో ఉంది. మీ సర్వర్ కొత్త సర్టిఫికెట్ ఒకటో తారీఖుది. అందుకే కలవగానే పడిపోయింది" అన్నాను.

"ఓ. మరి తేదీ ఎట్ల మారింది?" అన్నాడు.

"బ్యాటరీ," అన్నాడు మేనేజర్ చటుక్కున. "బ్యాటరీ డౌన్ అయింది."

సత్తయ్య సేట్ మొహం కళ్ళ ముందు కనిపించింది. కాంట్రాక్టు కాగితాలు కూడా కనిపించాయి.

"బ్యాటరీ అయిపోతే తేదీ ఏండ్లకేండ్లు వెనక్కి పోతుంది సార్. సరిగ్గా పోయిన నెల ముప్పైకి పోయి ఆగదు. తనంతట తాను సరిచేసుకునేది కూడా ఎవరో బంద్ పెట్టారు. ఇంత లెక్కగా పనిచేసే బ్యాటరీ ఉంటే దానికి మేనేజర్ పోస్టు ఇవ్వచ్చు."

అన్నాక, కొంచెం ఎక్కువైందనిపించింది. నా నోటికి ఫార్మాట్ లేదు.

"అయితే ఎవరు మార్చిండ్రు?" అన్నాడు కుర్రవాడు. ఇప్పుడు గొంతులో ఆ విసుగు లేదు.

మేనేజర్ ఫ్యాను వంక చూశాడు. ఎస్తేరు బల్ల దగ్గరికి ఒక అడుగు ముందుకు జరిగింది.

"నేనే మార్చిన సార్. ప్రతి నెల ఎంట్రీలు ఎనకకు పడాలని మేనేజర్ సార్ మార్చుమంటే మార్చిన. చెయ్యి నాది. మాట సార్‌ది."

ఫోన్‌లో కీబోర్డు టకటకలు వినిపించాయి. ఏదో కొడుతున్నాడు, ఏదో తుడుస్తున్నాడు.

"యూజర్ మిస్టేక్ అని నేనే రాసిన అమ్మా," అన్నాడు కుర్రవాడు. "అది తీసేస్తున్న. ఎంట్రీల సంగతి మా పై సార్లకు చెప్పాలె, తప్పదు."

అప్పుడు ఎస్తేరు ఇంకో మాట అడిగింది. అది నేను అడగాల్సిన మాట.

"సార్, తారీఖు ఎవ్వలు మార్చకుండ తాళం ఎయ్యొస్తదా?"

వేయవచ్చు. అక్కడి నుంచే కుర్రవాడు పాస్‌వర్డ్ పెట్టాడు. ఆ పాస్‌వర్డ్ డిపోలో ఎవరికీ తెలియదు. తనకు కూడా చెప్పవద్దని ఎస్తేరే అడిగింది.

క్షమాపణ దాకా ఎవరూ రాలేదు

సోమవారం కొత్త మనిషి రాలేదు. రాలేదంటే అంతే, ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. పెన్‌డ్రైవ్ అన్న మాట మేనేజర్ వెనక్కి తీసుకోలేదు. 'తప్పుగా అన్నం' అని హెడాఫీసు నుంచి ఒక ముక్క రాలేదు. హెడాఫీసు మెచ్చుకున్నది ఒక్క మాధవరావు గారినే. ఎంట్రీల విషయం విచారించారట, ఏం తేలిందో తెలియదు. కొంత కాలానికి ఆయన్ను ఇంకా పెద్ద డిపోకు మార్చారు. పంపేటప్పుడు పూలదండ వేసి, ఎప్పుడూ టార్గెట్ తప్పని మనిషి అని పొగిడారు. తప్పేది ఎట్లా, నెలే ఆయన కోసం ఆగుతుంటే?

మా దుకాణానికి ఆ డిపో కాంట్రాక్టు మళ్ళీ రాలేదు. సత్తయ్య సేట్ నన్ను వారం పాటు "బ్యాటరీ" అని పిలిచాడు. "ఏం బ్యాటరీ, చార్జింగున్నదా?" అనేవాడు. అయితే ఆ తర్వాత ఏ ఆఫీసుకు పంపినా ఫార్మాట్ మాట ముందుగా ఆయన నోట రాలేదు. అది ఆయన పద్ధతిలో పశ్చాత్తాపమో, నా మీద ఆశ వదులుకోవడమో తెలియదు.

కొత్తవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. సర్వర్‌తో కలవగానే ప్రోగ్రామ్ పడిపోతే ముందు తెర మూలన తేదీ చూడండి. తేదీ తప్పుంటే సరిచేసి లేచి రాకండి. ఎవరు తిప్పారని అడగండి, ఆ తర్వాత ఎవరు తిప్పమన్నారని అడగండి. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతే, మీరు ఫార్మాట్ కొట్టేది మిషన్‌ను కాదు, ఒక మనిషి బతుకును.

ఆ పై నెల మొదట్లో, మాధవరావు గారు ఇంకా అక్కడే ఉన్నప్పుడు, ఒక పొద్దున ఎస్తేరు ఫోన్ చేసింది. మళ్ళీ ఏం పడిపోయిందో అనుకుంటూ ఎత్తాను.

"ఏమైందమ్మా?"

"ఏం గాలె సార్. మెయిల్ తెరిచిన, పడిపోలె. మేనేజర్ సార్ వచ్చి 'జర తారీఖు...' అన్నడు. తాళం హైదరాబాదుల ఉన్నది సార్ అన్న. నిలబడ్డడు, నిలబడ్డడు, పోయి కూసున్నడు."

"మరెందుకు చేసినవ్?"

"చెప్పుదమని చేసిన సార్," అంది. వెనకాల లారీ హారన్, ఎవరో బస్తాలు లెక్కపెడుతున్న అరుపు. "ఇయ్యాల మా డిపోల గూడ మూడో తారీఖే."